గుర్తింపు కార్డు సరే, జాబితాలో పేరుందా?

పోలింగ్ రోజు బూత్ బయట ప్రతిసారీ వినిపించే మాట ఒకటి ఉంది. "కార్డు నా చేతిలోనే ఉంది కదా, ఓటు లేదంటారేంటి?" కార్డు అసలుదే, ఫొటో కూడా ఆ మనిషిదే. కానీ ఆ బూత్ జాబితాలో పేరు లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఓటు వేసే హక్కు జాబితాలో పేరున్నవాళ్లకే. కార్డు పని వచ్చిన మనిషి ఆ పేరు గల మనిషేనని చూపించడం వరకే. ఓటరు గుర్తింపు మీద టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో జరిగే వాదనలు చాలావరకు ఈ తేడాను పట్టించుకోకుండా సాగుతాయి.

ఒక పక్షం కార్డు నిబంధన ఇంకా బిగించాలి, ఆధార్ కలపాలి, లేకపోతే దొంగ ఓట్లు ఆగవు అంటుంది. రెండో పక్షం కాగితాలు లేని పేదవాడు, వలస కూలీ నష్టపోతారు అంటుంది. రెండు భయాలూ ఉత్తవి కావు. నా మట్టుకు నాకు బూత్ గుమ్మం దగ్గరున్న నిబంధనలు చాలావరకు బాగానే ఉన్నాయి. అన్యాయం జరిగేది అంతకు నెలల ముందు, జాబితా రాసేటప్పుడు, కొట్టేసేటప్పుడు.

ముందు గుమ్మం సంగతి చూద్దాం. ఎపిక్, అంటే ఓటరు గుర్తింపు కార్డు లేకపోతే ఎన్నికల సంఘం 12 ప్రత్యామ్నాయ పత్రాలను ఒప్పుకుంటుంది. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు కార్డు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు వగైరా అందులో ఉన్నాయి. రేషన్ కార్డు లేదు. చాలామంది దాన్నే పట్టుకొచ్చి వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. ఇంటికొచ్చి ఇచ్చే ఓటరు స్లిప్పు కూడా 2019 నుంచి గుర్తింపుగా చెల్లదు, బూత్ నంబరు, వరుస నంబరు తెలుసుకోవడానికే పనికొస్తుంది. పాస్‌పోర్టు ఆధారంగా నమోదైన ప్రవాస ఓటరుకు మాత్రం అసలు పాస్‌పోర్టు ఒక్కటే గుర్తింపు. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఫారం-6ఏ నింపినవాళ్లు ఈ ఒక్కటీ మరిచిపోతే విమానం టికెట్టు డబ్బు దండగే, ఎందుకంటే వాళ్లు సొంతూరి బూత్‌కు స్వయంగా వచ్చి తీరాలి.

లోపల మొదటి పోలింగ్ అధికారి ముందు జాబితా మార్క్‌డ్ కాపీ ఉంటుంది. ఆయన మీ పత్రం చూసి, పేరూ వరుస నంబరూ ఏజెంట్లందరికీ వినపడేలా పైకి చదువుతారు. దొంగ ఓటును ఆపే అసలు క్షణం ఇదే. ఊళ్లో మనుషుల్ని ఎరిగిన ఏజెంటు "ఈయన ఆయన కాదు" అనగలిగేది ఇప్పుడే. రెండో అధికారి ఎడమ చూపుడు వేలికి సిరా పెట్టి, 17-ఏ రిజిస్టరులో సంతకం తీసుకుంటారు. ఎపిక్ చూపిస్తే అక్కడ "ఈపీ" అని రాస్తారు, వేరే పత్రమైతే దాని చివరి నాలుగు అంకెలు రాస్తారు. మూడో అధికారి కంట్రోల్ యూనిట్ నొక్కుతారు.

కార్డులో పేరు ఒకలా, జాబితాలో ఒకలా ఉండటం మన దగ్గర మామూలు విషయం. లక్ష్మిని ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాస్తాం, ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక పడుతుంది. చిన్న అక్షర దోషాలను పట్టించుకోవద్దని, మనిషి గుర్తింపు తేలితే చాలని ఎన్నికల సంఘం స్పష్టంగానే చెప్పింది. వేరే నియోజకవర్గం నుంచి ఇచ్చిన పాత కార్డు కూడా చెల్లుతుంది, ఈ బూత్ జాబితాలో పేరుంటే. కార్డుకీ మనిషికీ ఫొటో పోలిక కుదరకపోతే మాత్రం వేరే పత్రం చూపించాలి.

ఏజెంటుకు అనుమానం వస్తే నోటితో అనడంతో సరిపోదు. రెండు రూపాయలు కట్టి చాలెంజ్ చేయాలి. ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారణ జరుపుతారు. ఆరోపణ రుజువైతే ఆ మనిషిని ఓటు వేయనివ్వరు, పోలీసులకు అప్పగిస్తారు. ఉత్తుత్తి ఆరోపణ అని తేలితే రెండు రూపాయలూ పోతాయి. రెండు రూపాయలేనా అనిపిస్తుంది గానీ, నోరున్నవాడు క్యూలో నిలబడ్డ కూలీని ఊరికే బెదిరించకుండా ఈ పద్ధతి కొంతైనా అడ్డం పడుతుంది.

మీరు వెళ్లేసరికి మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే? గొడవపడి ఇంటికి వెళ్లిపోవద్దు. టెండర్ ఓటు కావాలని అడగాలి. గుర్తింపు ప్రశ్నలకు సరిగ్గా జవాబిస్తే కాగితం బ్యాలెట్ ఇస్తారు, 17-బి ఫారంలో సంతకం తీసుకుంటారు. ఆ ఓటు ఈవీఎంలో పడదు, విడిగా కవరులో ఉంటుంది. కౌంటింగ్‌లో కలపరు, అందుకే చాలామంది "దేనికిలే" అని వదిలేస్తారు. కానీ 2008 అసెంబ్లీ ఎన్నికల్లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సి.పి.జోషి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు, అప్పుడు టెండర్ ఓట్లు కోర్టుదాకా వెళ్లాయి. టెండర్ ఓటు వేస్తేనే దొంగ ఓటు పడినట్టు రికార్డు మిగులుతుంది.

ఇక జాబితా.

ఓటరు జాబితాలో ఒక గడిని దగ్గరగా చూడండి. పైన ఎడమ పక్క వరుస నంబరు, కుడి పక్క మూడు అక్షరాలు ఏడు అంకెల ఎపిక్ నంబరు. కింద పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం. చివర్లో ఉండే తొలగింపుల అనుబంధంలో పేరు ముందు ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. "ఈ" (E) అంటే చనిపోయారు, ఎస్ అంటే ఊరు మారారు, ఆర్ అంటే రెండుసార్లు ఉంది, ఎం అంటే మనిషి కనబడలేదు, క్యూ అంటే అనర్హులు. బతికున్న మనిషి పేరు ముందు "ఈ" పడటానికి కుట్రే అక్కర్లేదు, ఒకే పేరున్న పక్కింటాయన చనిపోయినా చాలు. "ఎం" పడటానికి బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయి అధికారి, వచ్చిన రోజు ఇంటికి తాళం ఉంటే చాలు. మహబూబ్‌నగర్ నుంచో, పలాస నుంచో, ఒంగోలు పల్లెల నుంచో పనికి పోయే కుటుంబాల ఇళ్లకు నెలల తరబడి తాళాలే ఉంటాయి.

చట్టం వలస కూలీ పక్షాన ఉంది. 1950 చట్టం 20వ సెక్షన్ ప్రకారం సాధారణ నివాసం నుంచి తాత్కాలికంగా దూరమైనంత మాత్రాన అక్కడి నివాసం పోదు. ఇటుక బట్టీకి ఆరు నెలలు వెళ్లినవాడు ఊరి ఓటరే. అదే సమయంలో 17, 18 సెక్షన్ల ప్రకారం రెండు చోట్ల ఓటు ఉండకూడదు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటూ ఇక్కడా ఆంధ్రాలో సొంతూళ్లోనూ పేరు ఉంచుకుంటే తప్పు ఓటరుదే. అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు ఉంది. ఈ రెండూ ఒకేసారి గుర్తుపెట్టుకుంటే వాదన సగం తేలిపోతుంది. రెండు ఓట్లను తీసేయాల్సిందే, కానీ తాళం చూసి తీసేయకూడదు.

రెండు ఓట్లు ఎక్కువగా పుట్టేది దురుద్దేశంతో కాదు, తప్పు ఫారంతో. ఫారం-6 కొత్త ఓటరుకు మాత్రమే. ఇల్లు మారినా, నియోజకవర్గం మారినా, పేరు దిద్దించుకోవాలన్నా, కార్డు పోయినా 2022 ఆగస్టు నుంచి అన్నిటికీ ఫారం-8 ఒక్కటే. పెళ్లయి అత్తగారి ఊరు వెళ్లిన అమ్మాయికి అక్కడివాళ్లు ఫారం-6 నింపేస్తారు. పుట్టింటి ఊళ్లో పాత పేరు అలాగే ఉంటుంది. తర్వాత సాఫ్ట్‌వేర్ రెండు ఫొటోలూ పోలి ఉన్నాయని చూపిస్తుంది. పాత ఊరి బీఎల్‌ఓ "వెళ్లిపోయింది" అని రాస్తారు, కొత్త ఊరి బీఎల్‌ఓ "రెండుసార్లు ఉంది" అని రాస్తారు. రెండు చోట్లా పోతుంది. మన రాష్ట్రాల్లో "ఓట్ల గల్లంతు" అనే మాట వెనక ఇలాంటివి ఎన్నో.

ఇంటి నంబరు మీద కూడా తొందరపాటు తీర్పులు వినిపిస్తుంటాయి. సున్నా నంబరు కనిపిస్తే చాలు, దొంగ ఓటు అంటారు. డోరు నంబరే వేయని ఇంటికీ, ఇల్లే లేని మనిషికీ సున్నా పడవచ్చు. ఇల్లు లేనివాళ్లకు చిరునామా కాగితం అడగకూడదు. బీఎల్‌ఓ రాత్రిపూట వెళ్లి, వాళ్లు చెప్పిన చోటే పడుకుంటున్నారా లేదా చూసుకుని నమోదు చేయాలి. సున్నా చూస్తే అనుమానించడం సరే, విచారించకుండా కొట్టేయడం మాత్రం తప్పు.

కొట్టేయించడానికి వాడే ఆయుధం ఫారం-7. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్‌లో ఇవి లక్షల్లో వచ్చిపడ్డాయి, ఇతరుల పేర్లతో పెట్టారని పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. అంతకు కొన్ని నెలల ముందు, 2018 డిసెంబరు 7న తెలంగాణ పోలింగ్ రోజు వేలమంది పేర్లు లేక వెనుదిరిగారు. అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ తొలగింపుల మూలాలు 2015లో ఆధార్ జోడించి జాబితా శుద్ధి చేయాలని నడిపిన కార్యక్రమం దాకా వెళ్తాయని అప్పట్లో చాలా చర్చ జరిగింది. ఆ కార్యక్రమాన్ని 2015 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆపేశారు.

ఆధార్ వాదనలో నాకు అర్థం కానిది, పరిష్కారంగా చూపేవాళ్లు దాని పరిమితిని ఎందుకు చెప్పరన్నది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, ఆ చట్టమే 9వ సెక్షన్‌లో చెబుతోంది. చిరునామాకూ గట్టి రుజువు కాదు. కూకట్‌పల్లిలో అద్దెకుండే వేలమంది ఆధార్‌లో ఇంకా తెనాలో, ఖమ్మమో ఉంటుంది. ఒకే మనిషి రెండు చోట్ల ఉన్నాడా అని చూడటానికి మాత్రం పనికొస్తుంది. 2021 చట్ట సవరణ తర్వాత ఫారం-6బితో సేకరిస్తున్న ఆధార్ నంబరు తప్పనిసరి కాదని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టులో ఎన్నికల సంఘమే చెప్పింది. ఆ కేసు వేసింది తెలంగాణ కాంగ్రెస్ నేత జి.నిరంజన్. ఇవ్వలేదన్న కారణంతో ఎవరి పేరూ తీసేయడానికి వీల్లేదు.

2025లో బిహార్‌లో జరిగింది ఈ మొత్తం వాదనను ఒకే చోట చూపిస్తుంది. జూన్ 24న ఓటరు జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించేనాటికి 7.89 కోట్ల మంది ఓటర్లు. 2003 జాబితాలో లేనివాళ్లు 11 రకాల పత్రాల్లో ఒకటి చూపాలన్నారు, 1987 జులై తర్వాత పుట్టినవాళ్లు తల్లిదండ్రుల కాగితాలు కూడా తేవాలన్నారు. ఆగస్టు 1 ముసాయిదాలో 7.24 కోట్లు మిగిలారు. పోయిన 65 లక్షల మంది పేర్లు, కారణాలు బయటపెట్టాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సెప్టెంబరు 8న ఆధార్‌ను పన్నెండో పత్రంగా తీసుకోమంది, గుర్తింపుకే గానీ పౌరసత్వానికి కాదని కూడా చెప్పింది. తుది జాబితా 7.42 కోట్లు. చనిపోయినవాళ్ల పేర్లు లక్షల్లో ఉన్న జాబితాను శుద్ధి చేయడం అవసరమే, అందులో వాదన లేదు. కానీ రుజువు భారం ఎవరి మీద పెట్టారన్నదే ప్రశ్న. ఒకసారి జాబితాకెక్కిన పేరును తీసేయాలంటే నోటీసిచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సూత్రమే సరైనదని నా నమ్మకం. 2025 అక్టోబరులో ప్రకటించిన ఈ సవరణ రెండో దశలో పుదుచ్చేరి ఉంది, అంటే మన యానాం కూడా అందులోకి వచ్చింది.

పేరు పోయిందని తెలిస్తే ఆ ఉత్తర్వు కాపీ ఈఆర్‌ఓ, అంటే ఓటరు నమోదు అధికారి, దగ్గర రాతపూర్వకంగా అడగండి. 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అక్కడా కుదరకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఎన్నిక దగ్గరపడితే అప్పీలుకన్నా మళ్లీ కొత్త ఓటరుగా ఫారం-6 పెట్టడమే త్వరగా తేలుతుంది. నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందే ఇచ్చేయాలి, విచారణకు ఆ వ్యవధి కావాలి. నామినేషన్ల గడువు దాటాక ఎవరూ ఏమీ చేయలేరు. పోలింగ్ రోజు మీ పేరు ఏఎస్‌డీ జాబితాలో, అంటే ఇంట్లో లేరు, మారారు, చనిపోయారు అన్నవాళ్ల జాబితాలో ఉందని చెబితే భయపడొద్దు. ఓటు పోలేదు. ఫొటో గుర్తింపు చూపి, సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేసి ఓటు వేయొచ్చు.

తొలగించమని వచ్చిన ఫారం-7 దరఖాస్తుల పట్టీని ఈఆర్‌ఓ ఫారం-10గా నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో పెడతారు. అభ్యంతరం చెప్పడానికి ఏడు రోజులు ఉంటాయి. సవరణ జరిగే నెలల్లో ప్రతి ఊళ్లో ఒక్కరైనా వారానికోసారి ఆ పట్టీ తెరిచి చూసి, పేరున్నవాళ్ల ఇంటికి వెళ్లి చెప్పాలి. మొదట పనికి ఊరు దాటిపోయినవాళ్లకు ఫోను చేయండి. నోటీసు వచ్చేది తాళం వేసున్న వాళ్ల ఇంటికే.