నెట్ లేని ఇంటికి సీసీ కెమెరా: కొనే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

పెట్టె మీద "ఎస్‌డీ కార్డు సపోర్ట్" అని రాసి ఉన్నంత మాత్రాన ఆ కెమెరా ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుందని అనుకోకండి. షాపులో "నెట్ లేకపోయినా రికార్డు అవుతుందా" అని అడిగితే "అవుతుంది సార్" అనే అంటారు. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ సగం జవాబే. అడగాల్సినవి నాలుగు. మొదటిసారి బిగించేటప్పుడు నెట్ కావాలా? రికార్డు కావడానికి కావాలా? రికార్డయింది చూసుకోవడానికి కావాలా? కరెంటు పోయి వచ్చాక తేదీ, టైము తెలుసుకోవడానికి కావాలా? చాలా వైఫై కెమెరాలు రెండో ప్రశ్నలో నెగ్గి, మిగతా మూడింట్లో ఏదో ఒకచోట దెబ్బతింటాయి.

ఊళ్ళో అమ్మానాన్నలు ఉండే ఇల్లు, పండక్కి తాళం వేసి వెళ్ళే ఇల్లు, తోటలో బోరు షెడ్డు, ఇనుమూ సిమెంటూ దించిన కొత్త కట్టడం: ఇలాంటి చోట్లకే ఈ కెమెరాలు కావాలి. ముందే ఒక మాట తేల్చుకోవాలి. నెట్ లేకపోతే ఫోనుకు అలర్టు రాదు, హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో కూర్చుని చూడడం కుదరదు. సిమ్ వేసే 4జీ కెమెరా ఉన్నా, దానికి డేటా రీచార్జి ఉండాల్సిందే. నెట్ లేని కెమెరా పని జరిగినదాన్ని పట్టి ఉంచడం. ఆ పని మాత్రం అది నెట్ ఉన్నదానికంటే నమ్మకంగా చేయగలదు, సరైనది ఎంచుకుంటే.

మనకు దొరికేవి మూడు రకాలు. ఒకటి, లోపలే ఎస్‌డీ కార్డు ఉండే వైఫై కెమెరా. రెండు, గుండ్రటి కోయాక్సియల్ కేబుల్‌తో డీవీఆర్ అనే రికార్డు పెట్టెకు కలిపే కెమెరాలు. మూడు, నెట్‌వర్క్ కేబుల్‌తో ఎన్‌వీఆర్ అనే రికార్డు పెట్టెకు కలిపే ఐపీ కెమెరాలు, వీటికి కరెంటు కూడా అదే కేబుల్‌లో వెళుతుంది, దాన్నే పీఓఈ అంటారు. బ్యాటరీతో నడిచే క్లౌడ్ కెమెరాల జోలికి ఈ పనికి పోవద్దు. వాటిలో చాలావాటికి కంపెనీ సర్వరే ప్రాణం.

సొంత ఇల్లయితే నా ఓటు పీఓఈ ఎన్‌వీఆర్‌కే. ఖర్చు తగ్గాలంటే డీవీఆర్ సెట్టు, అది కూడా టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, మౌస్‌తో నడుపుకుంటే నెట్‌తో పనే లేదు. అద్దె ఇంట్లో గోడలకు తూట్లు పొడవనివ్వకపోతే మాత్రమే వైఫై కెమెరా, అదీ ఇంటి లోపలికి. నాలుగు ప్రశ్నలకూ ఎన్‌వీఆర్, డీవీఆర్ సెట్లు తేలిగ్గా నిలబడతాయి: తెర మీదే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, తెర మీదే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఎవరైనా "ముందు యాప్‌లో రిజిస్టర్ చేయాలి" అంటే, ఆ రికార్డరుకు యాప్ లేకుండా యాక్టివేషన్ ఉందేమో మెనూలో చూపించమనండి.

వైఫై కెమెరానే కొనాల్సి వస్తే ఒకటి చూడండి: ఓన్‌విఫ్ లేదా ఆర్‌టీఎస్‌పీ (వేరే కంపెనీల పరికరాలతోనూ కెమెరా కలిసేలా చేసే ఉమ్మడి పద్ధతులు) ఉందా అని. ఇవి ఉంటే కంపెనీ యాప్ మొరాయించినా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయరుతో బొమ్మ చూడవచ్చు, రేపు ఎన్‌వీఆర్ కొంటే దానికి కలపవచ్చు. నెట్ లేని ఇంట్లో రూటర్ ఎందుకని వదిలేయకండి. ఇంటర్నెట్ వైరు పెట్టకపోయినా రూటర్ వైఫై ఇస్తుంది, ఆ వైఫైలో ఫోనూ కెమెరా మాట్లాడుకుంటాయి. ఫోను "ఇంటర్నెట్ లేదు" అని గొణిగి తనంతట తాను మొబైల్ డేటాకు మారిపోతుంది. అందుకే చూసేటప్పుడు మొబైల్ డేటా ఆపేయాలి.

ఇప్పుడు టైము సంగతి. నెట్ లేని కెమెరాల్లో అందరూ మరిచిపోయేది ఇదే. వైఫై కెమెరాలు చాలావరకు టైమును ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటాయి. వాటి లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే, నెట్ కూడా లేకపోతే, గడియారం 1970 జనవరి 1 లాంటి ఏదో పాత తేదీకి వెళ్ళిపోతుంది. రికార్డింగు జరుగుతూనే ఉంటుంది, కానీ ఈరోజు తేదీ నొక్కితే ఏమీ కనిపించదు. కార్డంతా ఖాళీ అనుకుంటారు. డీవీఆర్, ఎన్‌వీఆర్‌లలో బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా టైము నిలుస్తుంది. ఆ సెల్ కొన్నేళ్ళకు అయిపోతుంది. కరెంటు వచ్చిన ప్రతిసారీ తేదీ తప్పుతోందంటే సెల్ మార్చే వేళయిందన్నమాట.

సెల్ బాగున్నా గడియారం రోజుకు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ జరుగుతుంది. నెట్ ఉంటే అదే సరిచేసుకునేది. లేదు కాబట్టి ప్రతి నెలా ఒకటో తారీఖున ఫోను చూసి మీరే దిద్దాలి. మొదటిసారి బిగించేటప్పుడు టైమ్‌జోన్ +5:30 ఉందో లేదో చూడండి. కొన్ని +8:00తో వస్తాయి, రెండున్నర గంటలు ముందుకు పోతుంది. డే లైట్ సేవింగ్ అనే మీట మన దగ్గర ఆఫ్‌లో ఉండాలి. ఇంకొకటి: ఐపీ కెమెరాల్లో బొమ్మ మీద పడే టైము కెమెరాది, వెతికేటప్పుడు కనిపించే టైము ఎన్‌వీఆర్‌ది. రెండూ ఒకే కంపెనీవైతే మామూలుగా ఎన్‌వీఆరే కెమెరాకు టైము ఇస్తుంది. వేర్వేరు కంపెనీలవి కలిపితే ఒక్కోసారి ఇవ్వదు, బొమ్మ మీద ఒక తేదీ, జాబితాలో ఇంకో తేదీ ఉంటాయి. అందుకే నెట్ లేని చోట రెండూ ఒకే కంపెనీవి కొనడం మేలు.

ఎన్ని రోజులు నిలవాలి? లెక్క సులువు. కెమెరా సెట్టింగులో బిట్‌రేట్ అని ఉంటుంది, అంటే సెకనుకు ఎంత డేటా రాస్తుందన్నది. ఒక ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్) చొప్పున 24 గంటలు రికార్డయితే 10.8 జీబీ. రెండు మెగాపిక్సెల్ కెమెరాను హెచ్.265 అనే వీడియో కుదింపు పద్ధతిలో 2 ఎంబీపీఎస్ దగ్గర పెడితే రోజుకు 21.6 జీబీ. అలాంటివి నాలుగయితే 86 జీబీ, అంటే ఒక టీబీ డిస్క్ సుమారు 11 రోజులు. పాత హెచ్.264లో అదే బొమ్మకు 4 ఎంబీపీఎస్ దాకా కావాలి, రోజులు సగమవుతాయి. 128 జీబీ కార్డున్న ఒక్క కెమెరా ఐదారు రోజులు నిలుపుతుంది. పండక్కి వారం పది రోజులు ఊరెళ్ళేవాళ్ళకు అది చాలదు, తిరిగొచ్చేసరికి మొదటి రోజుల మీద కొత్తది ఎక్కేసి ఉంటుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెడితే చాలా రోజులు వస్తుంది, కానీ మనిషి ఫ్రేములోకి వచ్చిన మొదటి క్షణాలు జారిపోవచ్చు. ఐదు సెకన్లయినా ముందునుంచి పట్టే ప్రీ-రికార్డ్ సదుపాయం ఉంటేనే ఆ పద్ధతి పెట్టండి. లేకపోతే డిస్కు పెద్దది కొని నిరంతరం రికార్డు చేయించండి.

డిస్కు కంప్యూటరుది కాకుండా నిఘా కెమెరాల కోసం చేసిందే తీసుకోండి: డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటివి. రాత్రింబవళ్ళు ఆగకుండా రాయడానికి చేసినవి అవి. కార్డయితే "హై ఎండ్యూరెన్స్" అని ఉన్నది. ఫోనుల్లో వేసే మామూలు కార్డు పదేపదే రాతకు అరిగిపోతుంది, అరిగినప్పుడు చప్పుడు చేయదు. కెమెరా లైటు వెలుగుతూనే ఉంటుంది, రికార్డు మాత్రం ఉండదు. నెట్ ఉంటే యాప్ హెచ్చరించేది. లేదు కాబట్టి నెలకోసారి ఒక్క క్లిప్పయినా తెరిచి చూడాలి, గడియారం దిద్దే రోజే ఈ పనీ పెట్టుకోండి. నకిలీ కార్డులు కూడా ఎక్కువ: పైన 256 జీబీ అని రాసి, లోపల 32 ఉంటుంది. కెమెరాలో వేసే ముందు కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒకసారి నిండా రాయించి చూస్తే బండారం బయటపడుతుంది. కెమెరా ఎంత పెద్ద కార్డు దాకా తీసుకుంటుందో కూడా పెట్టె మీద చూసి కొనండి.

పగలు బాగా కనిపించి, చీకటి పడగానే ఆగిపోయే కెమెరా గురించి. డీవీఆర్ సెట్లలో ఎక్కువగా వచ్చే జబ్బు ఇది, కెమెరా చెడిపోయిందని మార్చేస్తుంటారు. అసలు సంగతి వైరుది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కెమెరా లాగే కరెంటు పెరుగుతుంది, సుమారు అర ఆంపియరు అనుకోండి. 12 వోల్టులు 30 మీటర్ల దూరం వెళ్ళి రావాలంటే 60 మీటర్ల తీగ. అర చదరపు మిల్లీమీటరు అసలు రాగి తీగయితే ఒక వోల్టు పోయి కెమెరాకు 11 అందుతుంది, ఫరవాలేదు. పావు చదరపు మిల్లీమీటరే ఉండి, అదీ అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగయితే మూడు వోల్టులకు పైగా పోతుంది. తొమ్మిదికి దిగువన కెమెరా ఆగుతుంది, లైట్లు ఆరాక వోల్టేజి పెరిగి మళ్ళీ మొదలవుతుంది, రాత్రంతా ఇదే. మల్టీమీటరుతో కెమెరా దగ్గర, రాత్రి, లైట్లు వెలిగి ఉండగా కొలిస్తే తెలిసిపోతుంది. నాలుగు కెమెరాలకు కలిపి 12 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పవర్ సప్లై పెట్టె) చాలు, తక్కువది వద్దు. పీఓఈలో 48 వోల్టుల దగ్గర కరెంటు వెళుతుంది కాబట్టి ఈ బాధ చాలా తక్కువ, క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా లాగవచ్చు. అక్కడ కూడా కేబుల్ పూర్తి రాగిదే అడగండి. సీసీఏ అని రాసి ఉంటే పూత తీగే.

కరెంటు కోతల మాట. నాలుగు పీఓఈ కెమెరాలు, ఎన్‌వీఆర్, డిస్కు కలిపి 40 వాట్ల చుట్టూ ఉంటుంది, ఇంటి ఇన్వర్టరుకు అది భారమే కాదు. ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్ అని మీట ఉంటే అందులో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ కాస్త ఆలస్యానికి రికార్డరు ఆగి మళ్ళీ మొదలవుతుంది, ఆ ఒకటి రెండు నిమిషాలు రికార్డు ఉండదు. ఆరుబయట పొడవుగా లాగిన కేబుల్ మీదుగా పిడుగుల దెబ్బ లోపలికి వస్తుంది. ఎర్తింగు లేని ఇంట్లో ముందు ఎర్తింగు వేయించండి.

లెన్సు ఎంపికలో అందరూ 2.8 ఎంఎం తీసుకుంటారు, వెడల్పుగా కనిపిస్తుందని. వాకిలంతా కనిపిస్తుంది, మొహం మాత్రం తెలియదు. కొత్త మనిషి మొహం గుర్తుపట్టాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు ఉండాలని లెక్క. రెండు మెగాపిక్సెల్ కెమెరాకు 2.8 ఎంఎం లెన్సుతో అది మూడు మీటర్ల దగ్గరే తీరిపోతుంది. 4 ఎంఎం అయితే నాలుగున్నర, 6 ఎంఎం అయితే ఏడెనిమిది మీటర్లు. కాబట్టి వాకిలి మొత్తానికి ఒక 2.8, గేటు మీదికి సూటిగా ఒక 6 పెట్టండి. ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తు సరిపోతుంది, ఇంకా పైకి పెడితే తలపాగాలూ టోపీలే రికార్డవుతాయి. సజ్జకు మరీ ఆనించి బిగిస్తే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు సున్నం గోడకు తగిలి తిరిగొచ్చి బొమ్మంతా తెల్లబడుతుంది. లైట్లకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు లెన్సు ముందే గూడు కడుతుంది, రాత్రంతా ఆ దారమే "కదలిక"గా రికార్డవుతుంది. చీపురుతో దులపడం తప్ప దానికి మందు లేదు. కోతులు తిరిగే ఊళ్ళల్లో కేబుల్‌ను పైపులోంచే తీసుకురండి.

రికార్డరు ఎక్కడ పెట్టాలన్నది లెన్సు కంటే పెద్ద విషయం. క్లౌడ్‌లో ఇంకో కాపీ లేదు, ఉన్నదంతా ఆ పెట్టెలోనే. టీవీ కింద పెడితే దొంగ దాన్నీ చంకన పెట్టుకుపోతాడు. అటక మీద దాస్తే మే నెలలో వేడికి డిస్కు ఆయుష్షు తరుగుతుంది. పడకగదిలో గాలి ఆడే అల్మరా పైభాగం, తాళంతో, మంచి చోటు. ఐపీ కెమెరాల్లో కార్డు వేసుకునే చోటుంటే అందులోనూ ఒక కార్డు వేయండి, రెండు చోట్లా రికార్డవుతుంది: పెట్టె పోయినా కెమెరాలో ఉంటుంది. పక్కనే అలారం కావాలంటే సైరనుకు ఎన్‌వీఆర్ వెనక అలారం అవుట్ ఉందేమో చూడండి. ఎస్సెమ్మెస్ పంపే జీఎస్‌ఎం అలారం పెట్టుకోవాలంటే, 2జీ మాత్రమే ఉన్న పెట్టెలో జియో సిమ్ పనిచేయదని గుర్తుంచుకోండి, ఆ కంపెనీకి 2జీ లేదు.

కొన్నాక తిరిగిచ్చే గడువు లోపలే పరీక్ష చేయాలి. అన్నీ బిగించాక రూటర్ నుంచి ఇంటర్నెట్ వైరు పీకేయండి. ఫోను హాట్‌స్పాట్‌తో బిగించి ఉంటే దాన్ని ఆపి, నెట్ లేని రూటరుకు మార్చండి. ఫోనులో మొబైల్ డేటా ఆపండి. కెమెరా, రికార్డరు రెండింటికీ కరెంటు తీసి, వెంటనే కాకుండా పది నిమిషాల తర్వాత ఇవ్వండి. పావుగంట నడవనిచ్చి, ఈరోజు తేదీతో ఆ పావుగంట దొరుకుతుందో లేదో వెతకండి. రాత్రి ఇంకోసారి చేయండి. ఇందులో ఏది తప్పినా వెనక్కి ఇచ్చేయండి, తర్వాత ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో సరిపోతుందన్న మాట నమ్మవద్దు, నెట్ లేని ఇంట్లో అప్‌డేట్ ఎక్కించడం కూడా ఒక పనే.

దొంగతనమే జరిగితే ముందు చేయాల్సింది రికార్డు బయటికి తీయడం, ఎందుకంటే డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది. పెన్‌డ్రైవును ఫాట్32లో ఫార్మాట్ చేసి, సంఘటనకు ముందూ వెనకా ఒక్కో గంట కలిపి తీయండి. కొన్ని రికార్డర్ల ఫైళ్ళు మామూలు ప్లేయర్లలో తెరుచుకోవు, కంపెనీ ప్లేయర్ కూడా కాపీ చేసుకోండి. అసలు డిస్కును అలాగే ఉంచండి. కోర్టులో ఈ వీడియో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటి అంకెలూ అక్షరాల వరుస) కూడా రాయాలి, పోలీసులు దాని సంగతి చెబుతారు. ఫైలు తీసేటప్పుడే రికార్డరు తెర మీది టైమునూ, ఫోనులోని టైమునూ ఒకే ఫొటోలో పడేలా తీసి ఉంచండి. రెండింటికీ తేడా ఉంటే ఎంతో, ఎటువైపో కాగితం మీద రాసి ఆ పెన్‌డ్రైవుతో పాటే ఇవ్వండి.