ఒకటో తరగతి సారు

మా నాన్నగారు 1985లో నెలకు 398 రూపాయల స్థిర వేతనం మీద ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ కాలంలో అలా నియమితులైన స్పెషల్ టీచర్లను ఉపాధ్యాయ వర్గాలలో నేటికీ ‘398 టీచర్లు’ అనే అంటారు. ఉద్యోగకాలమంతా కర్నూలు జిల్లా పడమటి మండలాలలో, ఆదోని, కోసిగి చుట్టుపక్కల ఊళ్లలోనే పనిచేసిన ఆయన, ఏ బడికి బదిలీ అయినా ఒకటో తరగతిని తానే అడిగి తీసుకునేవారు. ఐదో తరగతి చెప్పే సారుకు ఊళ్లో ఉండే గౌరవం ఒకటో తరగతి సారుకు ఉండదు. ముక్కులు తుడవడం, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టడం కూడా చదువు చెప్పడంలో భాగమని పెద్దలెవరూ అనుకోరు మరి.

అక్షరాలను ఆయన అ, ఆ, ఇ, ఈల వరుసలో మొదలుపెట్టేవారు కాదు. ఆ వరుసలో వెళితే పిల్లవాడు ఎక్కడా వాడని ‘ౠ’ను, నోరు తిరగని ‘ఙ’ను దిద్దిన తరువాత గాని తన ఇంట్లోని వస్తువు పేరు ఒక్కటి రాయలేడు. అందుకని త, ల, ప, క, గ, డ అనే ఆరు అక్షరాలను ముందు పట్టుకునేవారు. ఆ ఆరింటితోనే తల, పలక, గడప, పడగ, తలగడ అనే మాటలు వస్తాయి. దీర్ఘం నేర్పగానే తాత, పాప. కొమ్ము నేర్పగానే పాలు, కాలు, తాడు. చాలా ఇళ్లలో కన్నడం మాట్లాడే ఊళ్లు కావడంతో, తాడు అనే మాట రాయించే రోజున నిజంగానే ఒక తాడు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. తలగడ కోసం మా ఇంటి తలగడే బడికి వెళ్లి వచ్చేది. అమ్మ విసుక్కుంటూ దాని గలీబు ఉతికేది.

అయితే ఆ ప్రాంతంలో అసలు కష్టం అక్షరాలది కాదు, సుగ్గిది. వర్షం మీద ఆధారపడిన పంటలు ముగిశాక కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్లిపోతాయి. దీన్నే అక్కడివాళ్లు సుగ్గికి పోవడం అంటారు. అప్పటికి గుణింతాల దాకా వచ్చిన పిల్లవాడు, తల్లిదండ్రులతో కలిసి మిరప చేలకు వెళ్లి ఎండాకాలంలో తిరిగి వచ్చేసరికి మళ్లీ ‘త’ దగ్గరే ఉంటాడు. 1995లో మొదలైన పథకం కింద హాజరు 80 శాతం ఉన్న పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చేవారు గాని, వలస వెళ్లిన ఇంటి పిల్లవాడికి అవి అందేవి కావు. అందుచేత నాన్నగారు సుగ్గి రోజులు దగ్గరపడగానే సాయంత్రాలు వీధివీధి తిరిగి, ఊళ్లో మిగిలే అవ్వాతాతల దగ్గర పిల్లలను వదిలి వెళ్లమని బతిమాలేవారు. కొందరు వదిలేవారు, చాలామంది వదిలేవారు కాదు. రోజు కూలి చేతిలో పడే చోట చంటిబిడ్డను చూసుకోవడానికైనా ఒక పెద్ద పిల్ల కావాలి, ఆ మాట కాదనలేం. తరువాతి కాలంలో వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు వచ్చాక ఆ తిరుగుడు కొంత తగ్గింది.

ఐదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు ఉన్న బడిలో, జనగణనకో ఓటర్ల జాబితాకో ఒకరు వెళితే మిగిలేది ఒక్కరే. అలాంటి రోజుల్లో నాలుగో తరగతి పిల్లల చేత చిన్నవాళ్లకు కథలు చదివించేవారు. మొదట అది ఆయన అవసరం కొద్దీ చేసిన పని, తరువాత అదే ఆయన పద్ధతి అయింది.

ఉద్యోగ విరమణకు దగ్గరపడిన రోజుల్లో, 2022లో, ప్రభుత్వం 3, 4, 5 తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించింది. సబ్జెక్టుకొక ఉపాధ్యాయుడు దొరుకుతారన్న వాదనలో బలం ఉందని నాకు అనిపించింది, ఆయన మాత్రం ఒప్పుకోలేదు. తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే అక్క ఇంకో బడికి వెళ్లిపోతే, ఆ తమ్ముడు దారిలోనే ఆగిపోతాడన్నది ఆయన మొదటి అభ్యంతరం. చిన్నవాళ్లకు కథలు చదివే నాలుగో తరగతి పిల్లలు బడిలో మిగలరన్నది రెండోది. కథ సారే చదవవచ్చు కదా అని నేను అంటే, “నా చేతిలోని పుస్తకాన్ని వాళ్లు చూస్తూ కూర్చుంటారు, నాలుగో తరగతి పిల్ల చేతిలోదైతే లాక్కుంటారు” అన్నారు.