దిగేటప్పుడు కనిపించే దారి వేరు

తిరుపతి చుట్టుపక్కల కొండలకు ఎక్కువ వాన తెచ్చేవి ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిసిన నేల మీద బోదగడ్డి నిలువెత్తున లేచి, కలివె, రేగు, పులికంప పొదలు రెండు వైపుల నుంచీ ఒరిగి, వేసవిలో తెల్లగా కనిపించిన కాలిబాటను పూర్తిగా కప్పివేస్తాయి. జలపాతాలు నిండేదీ, ఎండ తగ్గేదీ ఆ నెలల్లోనే కాబట్టి, కొండ ఎక్కాలన్న కోరిక కూడా సరిగ్గా అప్పుడే పుడుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక డిసెంబరులో నేనూ, ఇద్దరు మిత్రులూ చంద్రగిరికి అవతల ఒక పల్లె వెనుకనున్న గుట్ట ఎక్కాము. అది అటవీ శాఖ హద్దుల్లోనిది కాదని ముందే విచారించుకొన్నాము. శేషాచలం అడవిలో 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉన్నది. ఎర్రచందనం దొంగల కోసం రాత్రింబవళ్లు గాలింపు జరిగే ఆ ప్రాంతంలో అనుమతి లేకుండా తిరగడం నేరమే కాదు, తెలివితక్కువ పని కూడా. తీర్థాలే చూడాలనుకొనే వారికి పుష్య, మాఘ, ఫాల్గుణ పౌర్ణములకు రామకృష్ణ, కుమారధార, తుంబురు తీర్థ ముక్కోటి ఉత్సవాలు ఉండనే ఉన్నాయి.

దారి చీలిన చోటల్లా పాత ఎర్ర పంచె చింపి పేలికలు కట్టుకుంటూ, మా జాగ్రత్తకు మేమే మురిసిపోతూ పైకి చేరాము. తిరుగు ప్రయాణంలో మూడో చీలిక దగ్గర పేలిక కనిపించలేదు. బాగా నలిగినట్టున్న బాట పట్టుకొని పావుగంట నడిచాక, అది కంప కింద నడుము ఎత్తు సొరంగంలా మారింది. వంగి దూరబోతుండగా అవతల నుంచి మేకలు కాసే పెద్దాయన కేక వేశాడు: "అది మేకల దావ సామీ, మనుషులది కాదు. కింద చూస్తే ఏం తెలుస్తుంది? పైన చూడండి, తల ఎత్తున కొమ్మలు నరికి ఉంటేనే మన దావ."

అంతవరకు నేను నేలనే చూస్తూ నడిచేవాణ్ణి. మేక గిట్టలకు నేల చక్కగా నలుగుతుంది, కానీ దానికి నడుము పైన దారి అక్కరలేదు. కట్టెల కోసం తిరిగే మనుషులు మాత్రం ముఖానికి తగిలే కొమ్మను కొడవలితో కొట్టుకుంటూ పోతారు. ఇంకొక సంగతి కూడా ఆనాడే అర్థమయింది. ఎక్కేటప్పుడు కాస్త తప్పినా అందరం చేరేది ఒకే శిఖరానికి. దిగేటప్పుడు అదే శిఖరం నుంచి నాలుగు లోయలలోకి జారిపోవచ్చు, పైన పది అడుగుల పొరపాటు కింద వేరే ఊరికి చేరుస్తుంది. అందువల్ల ఇప్పుడు ఎక్కుతూనే పది నిమిషాలకొకసారి ఆగి, వెనక్కి తిరిగి, దిగేవాడి కంటితో దారిని చూసుకుంటాను. డిసెంబరు మొదట్లో సూర్యుడు 5:45 ప్రాంతంలోనే అస్తమిస్తాడు, లోయలో అంతకంటే ముందే చీకటి పడుతుంది. కాబట్టి శిఖరం అందినా అందకపోయినా రెండు గంటలకు వెనుదిరుగుతాను.

చేతికర్ర గురించి ఒక మాట. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నారి ప్రాణం తీసిన తరువాత నడక భక్తులకు కర్రలు ఇచ్చారు గాని, గడ్డిలో కర్ర ఉపయోగం ప్రధానంగా పాముల కోసం. అడుగుకు ముందు నేలను తట్టితే చాలా పాములు తప్పుకొంటాయి, రక్తపింజర మాత్రం కదలకుండా పడి ఉండవచ్చు. అందుకే పాదం కనిపించని చోట పాదం పెట్టకూడదు, దుంగను దాటే ముందు అవతలి వైపు చూడాలి. కాటు పడితే కట్టు బిగించడం, గాటు పెట్టడం, పసరు వెతకడం మాని, ఉంగరాలు, కడియాలు తీసేసి, ఆ కాలు కదలకుండా బద్దకట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొని ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరి నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు ఉన్నది. కాబట్టి పామును చంపి వెంట తీసుకుపోవలసిన పనిలేదు.

కనిపించని పురుగును మాత్రం అందరూ మరచిపోతారు. పొదల్లో ఉండే, మైట్ అనే అతి చిన్న నల్లి (మంచాల్లోని నల్లి కాదు) పిల్లలు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం సుమారు పది రోజుల తరువాత వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కట్టవచ్చు, అది చంకలోనో నడుము దగ్గరో దాగి ఉంటుంది. గడ్డి మీద కూర్చోకుండా, ప్యాంటును మేజోళ్లలోకి దోపుకొని, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు ఉతికించడం మంచిది. తరువాత జ్వరం వస్తే పొదల్లో తిరిగిన సంగతి వైద్యునికి చెప్పాలి. సకాలంలో గుర్తిస్తే మామూలు డాక్సీసైక్లిన్‌తోనే నయమవుతుంది.

ఫిబ్రవరిలో గడ్డి ఎండిపోయాక అదే గుట్ట మళ్లీ ఎక్కాము. మూడో చీలిక దగ్గర మా ఎర్ర పేలిక కలివె పొదకు భద్రంగానే ఉన్నది. ఎక్కేవాడికి ఎదురుగా, దిగేవాడికి పొద చాటున.