ఐదో మాట

సాయంత్రం మా చర్చి పాస్టరు అయ్యగారు గ్రూపులో లిస్టు పెట్టారు. మంచి శుక్రవారం ఆరాధనలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు ప్రసంగించాలి, ఎవరికి ఏ మాటో. నాది ఐదోది, "దప్పిగొనుచున్నాను". ఆ తర్వాత పప్పు మాడింది, చిన్నది ఊరికే తిట్లు తింది, ఈయన "ఏమైంది" అని ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు.

ఐదో మాట సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. పన్నెండింటికి మొదలైన ఆరాధన ఆ వేళకి రెండు దాటి ఉంటుంది. ఏప్రిల్ ఎండ, ఫ్యాన్ల కింద కూడా చెమట, సగం మంది ఉపవాసం. పసిపిల్లలు సరిగ్గా అప్పుడే మొదలెడతారు. నేను "దప్పిగొనుచున్నాను" అనగానే జనం నిజంగానే దప్పిగొని వరండాలో కుండ దగ్గరికి లేచి పోతారు. ఏడో మాటకి మాత్రం అందరూ తిరిగొచ్చి, చీరలు సర్దుకుని, కళ్లు తుడుచుకోవడానికి రెడీగా కూర్చుంటారు.

ఆ ఏడోది అమెరికా నుంచి సెలవులకి వచ్చిన డాక్టరమ్మ గారికి ఇచ్చారు. ఆవిడకి కీర్తన నంబరు వెతుక్కోవడం కూడా రాదు. పోయిన ఆదివారం పక్కన కూర్చుని నేనే తీసిచ్చాను. ఇచ్చి నవ్వాను కూడా! ఆరేళ్లుగా సండే స్కూలు చాపలు పరిచేదెవరు? క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులకి తువ్వాళ్లు చుట్టేదెవరు? ఏడో మాట మీద ప్రసంగం మూడేళ్ల కిందటే రాసి పెట్టుకున్నాను, పాత డైరీ వెనక పేజీల్లో. అయ్యగారు జనవరిలో అడిగితే "ఏదిచ్చినా సరే అయ్యగారూ, ప్రభువు చిత్తం" అన్నదీ నేనే. ఆ రెండు పదాలూ మనకి "బాగున్నారా" లాగా అలవాటైపోయాయి, అర్థం ఎవరడిగారు.

ఏడో మాట ఇది: "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." అప్పగించుకోవడం గురించి మాట్లాడే పని నాకు అప్పగించలేదని నా ఏడుపు.

నాన్న గుర్తొచ్చారు. నేను నాలుగో ఐదో చదువుతున్నాను. ఆ ఏడు ఏడో మాట నాన్నదే అన్నారు. బీరువా అద్దం ముందు నెల రోజులు చదువుకున్నారు. పంచె ఇస్త్రీ చేయించారు. రెండు రోజుల ముందు ఎవరో పెద్ద ఉద్యోగస్థుడు వస్తున్నాడని ఆయనకిచ్చేసి, నాన్నని వాక్యం చదవమన్నారు. శుక్రవారం నాన్న గుడికే వెళ్లలేదు. అమ్మ ఒక్క మాటా అనకుండా తడిబట్ట చుట్టిన కుండ పట్టుకుని వెళ్లింది, నన్ను ఆయన దగ్గర వదిలి. ఇస్త్రీ పంచెలోనే అరుగు మీద కూర్చున్నారు. మూడు గంటలకి గుడి గంట మొదలవగానే లేచి, జేబులోంచి కాగితం తీసి, మొత్తం చదివారు. వినేది నేనొక్కదాన్నే, ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్క చేతిలో. "నీ చేతికి" దగ్గర గొంతు పూడుకుపోయింది. నేను ఉప్పు నాక్కుంటూ చూస్తున్నాను.

ఇన్నాళ్లూ ఈ కథని నాన్న పంతానికి ఉదాహరణగా నవ్వుతూ చెప్పేదాన్ని. మీకూ చెప్పినట్టే గుర్తు.

ఇక్కడిదాకా రాసి, నన్ను నేను తిట్టుకుని పడుకుందామనుకున్నాను. కానీ "తగ్గించుకోమ్మా" అని ఎవరికి చెబుతారో చూడండి. కోడళ్లకి, చాపలు పరిచేవాళ్లకి. మైకు పట్టుకున్నవాళ్లకి ఎవరైనా చెప్పారా? పన్నెండుమంది శిష్యుల్లో యాకోబు, యోహాను కుడి ఎడమ పక్కల చోటు అడిగితే ప్రభువు ఛీ పొమ్మనలేదు. నేను త్రాగే గిన్నె మీరు త్రాగగలరా అని అడిగాడు. (మత్తయి సువార్తలోనైతే అడిగింది వాళ్లమ్మ!) కోపం వచ్చింది మిగతా పదిమందికి. ఎందుకొచ్చినట్టు? వాళ్ల కళ్లూ ఆ చోటు మీదే కదా. ఈ కథ ఉన్న మార్కు సువార్త 10 ఎన్నిసార్లు చదివినా నన్ను ఆ ఇద్దరి పక్కనే వెతుక్కున్నాను. సాయంత్రం నుంచి నేనున్నది ఈ పదిమందిలో.

నాన్న బైబిలు తీశాను. యిర్మీయా 45, మొత్తం ఐదే వచనాలు. ప్రవక్త చెబుతుంటే రాసిపెట్టే బారూకుతో దేవుడంటాడు: "నీ నిమిత్తము నీవు గొప్పవాటిని వెదకుచున్నావా? వెదకవద్దు." దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. రెండో గీత కాగితం చిరిగేంత గట్టిగా ఉంది. ఎప్పుడు గీశారో, ఆ శుక్రవారానికి ముందో తర్వాతో.

అయ్యగారికి "సరేనండి" అని పెట్టాను. దణ్ణం బొమ్మ పెట్టబుద్ధి కాలేదు.

తర్వాత యోహాను సువార్త 19 తీశాను. దప్పి అన్నాక ఇచ్చింది చిరక, అంటే పులిసిన ద్రాక్షారసం, స్పంజీ అందులో ముంచి. ఆయన పుచ్చుకున్నాడు. అది పుచ్చుకున్నాకే "సమాప్తమైనది" అన్నాడు. ఇన్నేళ్లుగా వింటూ ఈ వరస ఎప్పుడూ పట్టించుకోలేదు. కుండ దగ్గర క్యూ కట్టేవాళ్లలో నేనూ ఉండేదాన్నేమో.

రెండు పేజీలు రాశాను. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలే అని లిస్టు కింద ఉంది. ఫోన్లో టైము పెట్టుకుని మెల్లగా చదివితే పదకొండు వచ్చింది. ఏది తీసెయ్యాలో తెలియడం లేదు.