కార్డు మీద లేని తేదీ

మాది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర పల్లె. మా ఉద్దానంలో ఏ వీధికి వెళ్ళినా ఒక ఫిట్టరో, వెల్డరో, రిగ్గరో బయటి దేశంలో ఉంటాడు. నేను 2015 చివర్లో పైప్ ఫిట్టర్‌గా సౌదీలోని జుబైల్ వెళ్ళాను. వెళ్ళేముందు పని బాగా నేర్చుకున్నాను. ట్రేడ్ టెస్టులో డ్రాయింగ్ చూసి ముక్క కోసి చూపించాను. వీసా గురించి మాత్రం నాకు తెలిసింది ఒక్కటే, పాస్‌పోర్టులో స్టాంపు పడాలి. పడింది. ఇంక రెండేళ్ళు ఢోకా లేదనుకున్నాను.

ఆ స్టాంపు గుమ్మం దాటించడానికే పనికొస్తుంది. దిగిన 90 రోజుల్లో కంపెనీ మన పేరున అకామా తీయాలి. అక్కడ ఉండనిచ్చేది అదే. అకామా ఉంటేనే బ్యాంకు ఖాతా నడుస్తుంది, ఆసుపత్రిలో ఇన్సూరెన్సు పనిచేస్తుంది, దారిలో పోలీసులు ఆపితే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని రెన్యువల్ చేయించాల్సిందీ, డబ్బు కట్టాల్సిందీ కంపెనీయే. మన చేతికి ఒక ప్లాస్టిక్ కార్డు వస్తుంది. కార్డు ఐదేళ్ళది. అకామా మాత్రం అప్పట్లో ఏడాదికి ఒకసారి కంప్యూటర్లో రెన్యువల్ కావాల్సి ఉండేది, ఆ గడువు తేదీ కార్డు మీద ఉండదు. ఈ సంగతి మొదటి రోజే ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరం మీద పడింది. క్యాంపులో మా జిల్లా వాళ్ళం పదకొండు మందిమి. ఆ రోజు డ్యూటీకి వెళ్ళామే గానీ ఎవరి చేతా పని సాగలేదు. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు పడిపోయాయి. ఊళ్ళో ఒక్క ఫోనూ కలవలేదు. నాలుగో రోజు రాత్రి ఎవరిదో నంబరు నుంచి అమ్మ గొంతు వినబడింది.

"మేం బాగానే ఉన్నాంరా నాన్నా. చెట్లే, ఒక్క చెట్టూ నిలబడ్నేదు. కొబ్బరీ పోయింది, జీడీ పోయింది. ఇంటి మీద రేకులు ఎగిరిపోయాయి. నువ్వొస్తావేటి?"

వస్తానమ్మా అన్నాను. నాన్నకు అప్పటికే కిడ్నీ జబ్బు, డయాలసిస్ మీద ఉన్నారు. అమ్మ ఒక్కతే ఎంతని చూస్తుంది?

మర్నాడు మా కంపెనీ మందూబ్ దగ్గరికి వెళ్ళాను. కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషిని అక్కడ మందూబ్ అంటారు. సెలవుకు ఇంటికెళ్ళి మళ్ళీ రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ తీయాలి, రెండు నెలలకు 200 రియాళ్ళు. ఆయన నా నంబరు కొట్టి చూసి, స్క్రీను నా వైపు తిప్పాడు. అరబీ నాకు రాదు గానీ ఎర్రగా కనబడిన అంకెలు అర్థమయ్యాయి. నా అకామా గడువు దాటి ఐదు నెలలైంది. అకామా లేనివాడికి ఎగ్జిట్ రీఎంట్రీ రాదు. "బుక్రా" అన్నాడు. అంటే రేపు.

కార్డు నా జేబులోనే ఉంది. దాని మీద నా ఫొటో, నా పేరు, అన్నీ ఉన్నాయి. ఐదు నెలలుగా అదే చూపించి చెక్‌పోస్టులు దాటాను, దానికి విలువ లేదని తెలియకుండానే. క్యాంపుకు తిరిగొచ్చి అందరి నంబర్లూ వెబ్‌సైటులో చూశాం. పదకొండు మందిలో ఏడుగురిది అదే పరిస్థితి. అకామా గడువు తేదీ అప్పట్లో హిజ్రీ లెక్కలో, అంటే వాళ్ళ చాంద్రమాన క్యాలెండరులో ఉండేది. హిజ్రీ ఏడాది మన ఏడాది కన్నా దాదాపు 11 రోజులు తక్కువ. మన క్యాలెండరు చూసుకుంటూ ధీమాగా కూర్చున్నవాడి గడువు ఏటా కాస్త ముందే వచ్చేస్తూ ఉండేది.

కంపెనీ ఎందుకు కట్టలేదో తర్వాత తెలిసింది. 2018 జనవరి నుంచి అక్కడి ప్రభుత్వం విదేశీ కార్మికుడి మీద వేసే లెవీ పెంచింది. సౌదీ వాళ్ళ కన్నా విదేశీయులు ఎక్కువున్న కంపెనీ ఆ ఏడాది ఒక్కో మనిషికి నెలకు 400 రియాళ్ళు, అంటే ఏడాదికి 4,800 కట్టాల్సి వచ్చింది. పైగా అకామా ఫీజు 650. మా కంపెనీ చిన్నది, అప్పటికే బిల్లులు రాక సతమతమవుతోంది. కంపెనీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ మా పేరున గడువు దాటిపోయిందని మాకు ఒక్క మాటైనా చెప్పలేదు చూడండి, దాన్ని ఇప్పటికీ క్షమించలేను.

ఆ వారంలోనే బ్యాంకు కార్డు ఆగిపోయింది. రేకులకు డబ్బు పంపాలంటే ఇచ్ఛాపురానికి చెందిన ఒక అన్న ఖాతా నుంచి పంపాను. ఆ అన్నే మరో మాట కూడా చెప్పారు: కంపెనీ అకామా రెన్యువల్ చేయకుండా వదిలేస్తే, వాళ్ళ అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారిపోవచ్చని. ఏడుగురం కలిసి కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళాం. ఒక్కడినే అయితే వెళ్ళేవాణ్ణి కాదు, ధైర్యం చాలేది కాదు. మేం వెళ్ళామని తెలిసిన తర్వాత ఆ "బుక్రా" నిజంగానే వచ్చింది. 2019 జనవరిలో అకామాలు రెన్యువల్ అయ్యాయి. ఫిబ్రవరిలో నేను ఇంట్లో ఉన్నాను.

పడిపోయిన కొబ్బరి చెట్లు అప్పటికి కోసి కుప్పలు పెట్టి ఉన్నాయి. మా వాకిట్లోంచి పక్క ఊరు కనబడుతోంది. పుట్టి బుద్ధెరిగాక అలా కనబడటం అదే మొదటిసారి. నాన్నా, నేనూ ముప్పై మొక్కలు పెట్టాం. ఆయన వాటికి నీళ్ళు పోసింది ఒక్క ఏడాదే.

2021 మార్చి 14 నుంచి అక్కడ రూలు మారింది. కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఎగ్జిట్ రీఎంట్రీకి అబ్షర్ అనే అక్కడి సర్కారు యాప్‌లో సొంతంగానే పెట్టుకోవచ్చు, యజమాని సరేననక్కర్లేదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ, ఇంటి డ్రైవర్లకూ మాత్రం అది వర్తించలేదు. అందులో మన జిల్లా వాళ్ళు ఎందరో! నేను ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను. ప్రతి నెలా జీతం పడిన రోజు యాప్ తెరిచి గడువు చూసుకుంటాను.

ఇప్పుడు సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాను. ఇంకా 23 రోజులుంది. నిన్న సాయంత్రం మా మేనల్లుడు వచ్చాడు. పదో తరగతి తప్పాడు, వెల్డింగ్ బాగా చేస్తాడు. దుబాయ్ వీసా వచ్చిందని సంబరంగా ఫోన్లో చూపించాడు.

"పైనుంచి చదవరా" అన్నాను.

"టూరిస్ట్ అనుంది మావా. 60 రోజులు. వెళ్ళాక కంపెనీ మార్పిస్తాదట."

వాడిది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికోసం వెళ్ళేముందు సర్కారు తనిఖీ తప్పనిసరి అని. పది పాసవ్వనివాడు పనికోసం గల్ఫ్ వెళ్ళాలంటే మన ప్రభుత్వ అనుమతి, ఈమైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైటులో కాంట్రాక్టు, బీమా ఉండాలి. టూరిస్టుగా పంపితే ఇవేవీ అడగరు, ఏజెంటుకు అదే సుఖం. అక్కడ టూరిస్టు వీసా మీద పనిచేయడం నేరం. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఏజెంటు రూలు ప్రకారం తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలూ, పైన జీఎస్టీనూ. వీడి దగ్గర లక్షా ఇరవై వేలు తీసుకున్నాడు.

మా అక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "మరి డబ్బులు ఇచ్చీసినాం కదరా" అంది.

రేపు పొద్దున్న మొదటి బస్సుకే వాడూ నేనూ పలాస వెళ్తున్నాం. ముందు ఏజెంటు దగ్గరున్న వాడి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోవాలి.