రామేశ్వర యాత్ర: స్నానాల వరుస

కాశీ, రామేశ్వరం పేర్లను మన పెద్దలు ఎప్పుడూ జంటగానే పలుకుతారు. రామసేతువు దగ్గర ఇసుక తీసుకుని ప్రయాగ త్రివేణీ సంగమంలో కలపాలి. అక్కడి గంగను తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయించాలి. అప్పటికి గాని యాత్ర పూర్తయినట్టు కాదు. కాబట్టి గంగ చెంబు పెట్టెలో ఉంటే ఊళ్లో దిగగానే ఆలయ కౌంటర్‌లో గంగాభిషేకం టికెట్ సంగతి కనుక్కోండి.

తెల్లవారుజామున 5 గంటలకు స్ఫటికలింగ దర్శనం మొదలవుతుంది, 6 దాటితే ఉండదు. చిన్న లింగం మీద పాలు జారుతుంటే అవతలి వెలుగు కనిపిస్తుంది. దీనికి పొడిబట్టలతోనే వెళ్లాలి. చాలామంది ముందు సముద్రంలో మునిగి, తడిబట్టలతో వచ్చి ఈ దర్శనం పోగొట్టుకుంటారు.

తర్వాత తూర్పు గోపురం ఎదుట అగ్నితీర్థం. పేరుకు సముద్రమే గాని అలలు ఉండవు, చెరువులా నిలకడగా ఉంటుంది. అక్కడ మునిగి, ఆ తడితోనే గుడి లోపలి 22 తీర్థాలకు వెళ్లాలి. మహాలక్ష్మీ తీర్థంతో మొదలై కోటితీర్థంతో ముగుస్తాయి. ఎక్కువ భాగం బావులే. గట్టు మీద నిలబడినవాళ్లు చేదతో తోడి నెత్తిన కుమ్మరిస్తారు. పక్కపక్కనే ఉన్న బావుల్లోనే ఒకచోట నీళ్లు చల్లగా, మరోచోట గోరువెచ్చగా తగులుతాయి.

రాతి నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పెద్దవాళ్ల చెయ్యి వదలకండి. జీన్స్, పట్టుచీర వద్దు. పల్చటి నూలు బట్టలైతే అంత బరువెక్కవు, తొందరగా ఆరుతాయి. ఫోన్, నగలు గదిలోనే ఉంచండి. ఒకరు పొడిబట్టల సంచీతో బయట ఉంటే మేలు. తడిబట్టలతో మూలవిరాట్టు దర్శనానికి పంపరు.

దర్శనంలోనూ వరుస ఉంది. హనుమ కైలాసం నుంచి లింగం తెచ్చేలోగా ప్రతిష్ఠ ముహూర్తం మించిపోతుంటే సీతమ్మ ఇసుకతో లింగం చేసింది, అదే రామలింగం. ఆలస్యంగా వచ్చిన హనుమ మనసు నొచ్చుకుంటే, అతడు తెచ్చిన విశ్వలింగానికే ముందు పూజ జరగాలని రాముడు ఆనతిచ్చాడు. దేవుడే భక్తుడి శ్రమకు మొదటి పూజ ఇచ్చిన చోటు ఇది. అందుకే విశ్వలింగానికి మొక్కకుండా నేరుగా రామలింగం దగ్గరికి పరుగెత్తకండి.

ఆషాఢ, భాద్రపద, పుష్య అమావాస్యలకు పితృకార్యాల రద్దీ విపరీతం. తర్పణాలు లేనివారు ఆ రోజులు తప్పించుకోవడమే మంచిది. మధ్యాహ్నం ధనుష్కోడికి వెళ్లండి, 1964 డిసెంబరు తుపానుకు కొట్టుకుపోయిన ఊరు. దారిలో విభీషణ శరణాగతి జరిగిందని చెప్పే కోదండరాముడి గుడి ఉంది. సేతువు ఇసుక ధనుష్కోడిలో పిడికెడు తీసుకోండి, కాని నీళ్లలో దిగకండి. అక్కడి ప్రవాహం మనిషిని లాగేస్తుంది.