కత్తిరించిన షీటు ముక్క

మా నాన్న ముప్ఫై ఏళ్ళకు పైగా గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేశారు. ఇప్పుడు ఆయనకు డెబ్భై ఒకటి. పని మానేసినా, సీజన్ మొదలైతే ఇంట్లో కూర్చోలేరు. లెక్కలు చూసిపెట్టి వస్తానంటూ పొద్దున్నే బయల్దేరతారు. టిక్కీల (మిర్చి బస్తాల) కుట్లు విప్పి కాయ చూపించేటప్పుడు లేచే ఘాటుకు కొత్తవాళ్ళయితే ఐదు నిమిషాలు నిలబడలేరు. ఇన్నేళ్ళూ తట్టుకున్న మా నాన్నకు నాలుగేళ్ళుగా మాత్రం తుమ్ములు, ముక్కు కారడం, రాత్రికి ముక్కు దిబ్బడ.

పోయిన మార్చిలో ఒక రాత్రి ఒంటిగంటకు లైటు వెలుగుతుంటే లేచి చూశాను. నాన్న బాత్రూమ్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. చెమటలు. "సాయంత్రం నుంచి ఒంటికి రావట్లేదమ్మా" అన్నారు. పొత్తికడుపు ఉబ్బి రాయిలా ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే పైపు వేశారు. లీటరుకు దగ్గరగా వచ్చింది. బీపీ 180 దాటింది. అందులో నొప్పి వల్ల పెరిగింది కూడా ఉంటుందని డ్యూటీ డాక్టరమ్మ చెప్పారు. తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "ఈ రెండు మూడు రోజుల్లో జలుబుకేమైనా వేసుకున్నారా?"

నాన్న జేబులోంచి చిన్న కాగితం కవరు తీశారు. అందులో కత్తెరతో కత్తిరించిన షీటు ముక్క, రెండు బిళ్ళలు. వెనక పేరున్న భాగం షాపులోనే ఉండిపోయింది. మిగిలిన అక్షరాలు నాలుగో ఐదో. మధ్యరాత్రి ఆ ముక్కను ఫోన్ లైటు కింద పెట్టి చదవడానికి నేను పడిన తిప్పలు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

తెల్లారాక షాపుకెళ్ళి అడిగితే తెలిసింది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే జలుబు బిళ్ళల్లాంటిదే: పారాసిటమాల్ 500, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమైన్ 2 మిల్లీగ్రాములు. నాన్నకు ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెద్దదైందని రోజూ రాత్రి టామ్సులోసిన్ వేసుకుంటారు. అది మూత్రం దారిలోని కండరాన్ని వదులు చేసే మందు. జలుబు బిళ్ళలోని ఫినైలెఫ్రిన్ దానికి ఎదురు, అదే కండరాన్ని బిగిస్తుంది. క్లోర్‌ఫెనిరమైన్ మూత్రాశయం గట్టిగా నొక్కే శక్తిని తగ్గిస్తుంది. డాక్టరమ్మ ఎక్కువ అనుమానపడింది దీన్నే. నాన్న రోజుకు నాలుగు చొప్పున మూడు రోజులు వేసుకున్నారు. పైగా ఒళ్ళు నొప్పులని పారాసిటమాల్ 650 కూడా రోజుకు నాలుగుసార్లు. కలిపి చూడండి: రోజుకు 4,600 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకైనా 4,000 దాటకూడదు. పేర్లు రెండు, లోపలున్న మందు ఒకటే. ఈ సంగతి నాన్నకే కాదు, నాకూ తెలియదు.

నాకు మరీ బాధనిపించింది తర్వాత చదివినప్పుడు. నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ మామూలు మోతాదులో ముక్కు దిబ్బడకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికాలో మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ సలహా కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. మన దేశంలోనూ అదే ఏడాది డిసెంబరులో క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయమన్నారు. మా చెల్లి వాళ్ళ బాబుకు మూడేళ్ళు. పోయినేడు మిగిలిన జలుబు సిరప్ సీసా వాళ్ళ ఫ్రిజ్‌లో కనిపిస్తే లేబుల్ చదివి నేనే పారబోయించాను.

నా కథ వేరు. బీఎస్సీ చదివే రోజుల్లో ముక్కులో వేసుకునే చుక్కల మందుకు అలవాటు పడ్డాను. జైలోమెటజోలిన్. వేసుకున్న కొద్ది నిమిషాలకే ఊపిరి ఆడుతుంది, ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులే వాడాలి. అంతకు మించి వాడితే మందు ప్రభావం దిగగానే ముక్కు ముందుకంటే గట్టిగా బిగుసుకుంటుంది, మళ్ళీ వేసుకోవాలనిపిస్తుంది. నేను ఆరు వారాలు వాడాను. సీసా దిండు కింద లేకపోతే టెన్షన్, నిద్ర పట్టేది కాదు. ఈఎన్‌టీ డాక్టరు ఒక ముక్కులో మానేయించి, వారం తర్వాత రెండోదాంట్లో ఆపించారు. బదులుగా ఇచ్చిన స్టెరాయిడ్ స్ప్రే గుణం తెలియడానికే చాలా రోజులు పట్టింది. అది అలాగే నెమ్మదిగా పనిచేస్తుందట.

ఇప్పుడు మా ఇంట్లో షీటు కత్తిరించి ఇస్తే తీసుకోం. పూర్తి షీటు కొంటాం, లేదా కవరు మీద మందు పేరు, మోతాదు రాయించుకుంటాం. షాపులో అబ్బాయికి విసుగొచ్చినా సరే. నాన్న ఫోన్‌లో ఆయన రోజూ వాడే మందుల ఫొటో ఉంది, బీపీది, ప్రోస్టేట్‌ది. ఏది అడిగినా ముందు అది చూపిస్తారు. బీపీ, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), థైరాయిడ్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు కూడా దిబ్బడ బిళ్ళ అడిగే ముందు ఆ మాట చెప్పాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు.

నాన్నకు తుమ్ములకి ఇప్పుడు ఫెక్సోఫెనడిన్ రాశారు. మంచినీళ్ళతోనే వేసుకోవాలి. బత్తాయి రసంతో వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదట. యార్డుకు వెళ్ళేటప్పుడు మాస్కు. రాగానే స్నానం, తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడం. మొదట్లో "ఈ వయసులో ఇదేం పనమ్మా" అనేవారు. ఈ సీజన్‌లో ఆ నీళ్ళు చల్లారాయో లేదో ఆయనే గిన్నె ముట్టుకుని చూసుకుంటున్నారు.